భీమునిపట్టణమున నాలుగు దినములు: బసయు, భోజనమును

వేసవి సెలవు లిచ్చిన నాటినుండి సముద్రమునకు పోదమని పిల్లలు వేధించుట ప్రతి గృహమునను కలదు. మగవారు రైలు టిక్కెట్లు తీసికొందురు. పిల్లలు ఇసుకలో ఆడుకొనుటకు డబ్బాలును, గరిటెలును మూటగట్టుకొందురు. బస యెక్కడ, భోజన మెట్లు అను రెండు ప్రశ్నలు మాత్రము ఇల్లాలికి మిగులును. ఇవి చిన్న సంగతులనియు, అక్కడికి పోయినపిమ్మట చూచుకొందమనియు అనువారు పెక్కుమంది. కాని నాలుగు దినముల విడిది యెవరికి విశ్రాంతి యగునో, యెవరికి రెట్టింపు చాకిరి యగునో నిర్ణయించునవి యీ రెండే.

వైశాఖ జ్యేష్ఠములలో మన తూర్పుతీరమున సముద్రము దినమంతయు మనకు చిక్కునది కాదు. విశాఖపట్టణ ప్రాంతమున మే నెలలో సూర్యుడు ఇంచుమించు ఉదయము 5-25 గంటలకు ఉదయించి, సాయంకాలము 6-20 గంటలకు అస్తమించును. ఉదయ మెనిమిది దాటిన పిమ్మట ఇసుక కాలును. సాయంకాల మయిదు వరకు ఎండ వేడిమియు, గాలిలోని తేమయు కలిసి ఒడలిపై చెమట నారనీయవు. కావున ఒడ్డున సుఖముగా గడుపదగిన కాలము ఉదయము రెండు గంటలు, సాయంకాలము రెండు గంటలు మాత్రమే. మన యిండ్లలో ఫలహారమునకును, రాత్రి భోజనమునకును పొయ్యి వెలిగించు వేళలు కూడ సరిగా నవియే! ఇంటిల్లపాది సముద్రము చూచుచుండగా, ఇల్లాలు బాణలి చూచుచుండుటకు కారణ మిదియే కాని వేరొండు కాదు.

మా అత్తగారు పర్వదినములలో మూడుమార్లు సముద్రస్నానమునకు పోయియున్నారు. అయినను సముద్రమున సూర్యోదయ మెట్లుండునో ఆమె యెరుగరు. ఆ వేళకు సత్రపు పెరటిలో పదిమందికి ఉప్మాయు, కాఫీయు సిద్ధము చేయుచుండిరట. ఈ మాట ఆమె నిష్ఠూరముగా చెప్పలేదు. మేము అడుగగా చెప్పిరి. ఆ మాటతోనే మా యేర్పాట్లకు మొదటి నియమము దొరకినది: తెల్లవారుజామునను, సంధ్యవేళను మా బసలో ఎవ్వరును వంటకు కూర్చుండరాదు. తక్కిన యేర్పాటు లన్నియు ఈ నియమమునుండి పుట్టినవే.

మేము ఏడుగురము: అత్తమామలు, మేమిద్దరము, ఆడపడుచు, ఇద్దరు పిల్లలు. మా యూరు రాజమహేంద్రవరము. అచటినుండి విశాఖపట్టణము రైలుమార్గమున సుమారు 200 కిలోమీటర్లు. నగరములో రామకృష్ణ బీచి యెదుట బసలకు కొరత లేదు. కాని అందు వంట వసతి గలవి అరుదు, సందడియు నెక్కువ. కావున నగరమునకు ఉత్తరముగా, స్టేషనునుండి సుమారు 30 కిలోమీటర్ల దూరమున, గోస్తనీ నది సముద్రమున గలియు చోటనున్న భీమునిపట్టణమును ఎంచుకొంటిమి. ప్రజలు దీనిని భీమిలి యందురు. పూర్వము డచ్చివారు ఇచట వర్తకస్థానము నిలిపి యుండిరి; వారి సమాధులు నేటికిని ఉన్నవి. 1861లోనే పురపాలకసంఘము గల ఊరగుటచే బజారు, మందుల దుకాణము, వైద్యుడు, బస్సులు మొదలగు వసతు లన్నియు దగ్గరనే యుండును. పిల్లలును, వృద్ధులును గల కుటుంబమునకు ఏకాంతపు తీరముకంటె ఇట్టి చిన్న పట్టణము మేలు.

దినములను నిశ్చయించుకొనుటలోను ఒక మెలకువ కలదు. వైశాఖ శుద్ధ తదియనాడు సింహాచలమున చందనోత్సవము. ఏడాదికొకమారు స్వామి నిజరూపదర్శన మగు ఆ దినమునకు లక్షలకొలది జనము వచ్చుటచే విశాఖలో బస దొరకుట కష్టము, వాహనములును దొరకవు. స్వామిదర్శనమే ముఖ్యమైనచో ఆ దినముననే పోవలయును. సముద్రతీరపు విశ్రాంతి ముఖ్యమైనచో వారము దినములు వెనుకకు జరుపుకొనుట మంచిది. శని, ఆదివారములు కలియకుండ సోమవారమున చేరి శుక్రవారమున మరలినచో బస చవుకగా దొరకును. ఒడ్డున రద్దియు తక్కువ.

ఇక బస సంగతి. వేసవిలో ఉదయ మెనిమిది మొదలు సాయంకాల మయిదు వరకు, అనగా తొమ్మిది గంటలు, గదిలోనే గడుపవలసి యుండును. కావున కిటికీలోనుండి సముద్రము కనబడునా యని అడుగుటకు ముందు, మిట్టమధ్యాహ్నము ఆ గదిలో మనుష్యు లుండగలరా యని అడుగవలయును. పడమటి గోడపై ఎండ పడునా, పైన మరియొక అంతస్తు కలదా, కరెంటు పోయినచో బదులేర్పాటు కలదా యను నవి ముందుగా తెలిసికొనుడు. మేము ఫోనుమీద ఇవియే కాక మరికొన్ని ప్రశ్నలును అడిగితిమి. మెట్లెన్ని? (అత్తగారికి మోకాళ్ల నొప్పి.) వృద్ధులు కూర్చుండుటకు వీలైన మరుగుదొడ్డి కలదా? ఒడ్డునుండి వచ్చి ఇసుకకాళ్లు కడుగుకొనుటకు వెలుపల కొళాయి కలదా? తడిబట్ట లారవేయుటకు దండెము కట్టవచ్చునా? వంట చేసికొననిత్తురా? ఇత్తురేని గ్యాసుపొయ్యి వారిదా, మనదా? చేపలు వండుటకు అభ్యంతరము కలదా? అద్దె పన్నుతో కలిపియా, విడిగానా? అదనపు పరుపులకు వేరుగా పుచ్చుకొందురా? దినము లెక్క ఇరువదినాలుగు గంటలా, లేక మధ్యాహ్నము పండ్రెండుకే ఖాళీ చేయవలయునా?

ఈ కడపటి ప్రశ్న మరువదగినది కాదు. మధ్యాహ్నపు రైలు దిగి చేరువారికిని, తెల్లవారకముందే చేరువారికిని లెక్క వేరగును. ఇచ్చిన జవాబులను ఫోనుననే వ్రాతపూర్వకముగా మరల పంపుమని కోరితిమి. బయానా పంపుటకు ముందే యీ పని కావలయును. డబ్బు పంపిన తరువాత ప్రశ్నలకు బలము తగ్గును. పెద్దలందరి గుర్తింపుకార్డులు వెంట నుంచుకొనుటయు అవసరము. ఇట్లు విచారించి నాలుగింటిని వదలి, అయిదవదానిని కుదుర్చుకొంటిమి. అది ఒడ్డునకు ఆరు నిమిషముల నడక. కిటికీలోనుండి సముద్రము కనబడదు. కాని క్రింది అంతస్తు, రెండు గదులు, చిన్న వంటగది, వేపచెట్టు నీడ కలవు. సముద్రము కనబడు గది వెలలో రెండువంతు లుండెను. నిద్రించువారికి సముద్రము కనబడిన నేమి, కనబడకున్న నేమి!

బస తరువాత నీరు. సముద్రతీరపు బోరునీటిలో లవణముల పాలు చాలచోట్ల హెచ్చుగా నుండును. స్నానమునకు పనికివచ్చినను, త్రాగుటకు గాని వంటకు గాని అది తగదు. అట్టి నీటిలో కందిపప్పు ఎంతసేపు ఉడికించినను పలుకుగానే యుండును. కాఫీకి రుచి చెడును. పొయ్యినో, పప్పునో నిందించి ఫలము లేదు. మేము దినమునకు 20 లీటర్ల నీళ్ల డబ్బా ఒకటి త్రాగుటకు, మరియొకటి వంటకు తెప్పించుకొంటిమి. అన్నము, పప్పు, కాఫీ ఈ నీటితోనే చేసితిమి. పెసరపప్పు త్వరగా ఉడుకును గనుక కందిపప్పు తగ్గించి అదియే హెచ్చుగా తీసికొనిపోయితిమి.

సంబారముల లెక్క వ్రాయుచున్నాము. సోదరీమణులు తమ కుటుంబమునకు తగినట్లు మార్చుకొనవచ్చును. మధ్యాహ్నమున పెద్దవారికి తల కొకటికి 125 గ్రాములు, పిల్లలకు 75 గ్రాముల చొప్పున పూటకు ముప్పాతిక కిలో బియ్యము చాలును. నాలుగు మధ్యాహ్నములకు మూడు కిలోలు, రెండు రాత్రులకు ఒక కిలో, వెరసి నాలుగు కిలోలు. పప్పులు ఒక కిలో, నూనె ముప్పాతిక లీటరు. తిరుగమోత దినుసు లన్నియు ఒకే డబ్బాలో కలిపి వేయించి తీసికొనిపోయినచో అచట వెదకులాట తప్పును. కందిపొడి, ఆవకాయ, చింతకాయపచ్చడి చిన్న సీసాలలో, మూత క్రింద నూనెగుడ్డ కట్టి యుంచితిమి. ఉప్పుగాలికి అప్పడములు, జంతికలు ఒక్కపూటలో మెత్తబడును గనుక బిగువైన డబ్బాలు కావలయును. కూరగాయలు, పాలు, పెరుగు మోయనేల? అవి భీమిలి బజారున దొరకును. వెంట నుంచుకొనవలసిన పనిముట్లు మూడు: బియ్యము వండు చిన్న కరెంటు కుక్కరు, నీరు కాచు కెటిలు, పదునైన కత్తిపీట లేక చాకు. అద్దెబసలలో చాకు లుండును గాని తెగవు.

రైలుప్రయాణమునకు పులిహోరను మించినది లేదు. చింతపండు పులుపు, ఉప్పు, నూనె చేరుటచే అది వట్టి అన్నమువలె త్వరగా చెడదు. కాని అన్నమును పళ్లెములో పరచి, బాగుగా చల్లారిన పిదపనే పులుసు కలిపి మూత వేయవలయును. వేడి యన్నమును డబ్బాలో మూసినచో ఆవిరి నీరై, ఆ నీటితోనే చెడును. పెరుగన్నము కావలసినచో అన్నమున పాలు పోసి, ఒక్క చెంచా పెరుగు వేసి కలుపుడు. తినువేళకు సరిగా తోడుకొని యుండును.

ఇప్పుడు దినచర్య. తెల్లవారుజామున నాలుగున్నరకు ఆడపడుచు కెటిలులో నీరు కాచి అందరికి కాఫీ కలిపెడిది. అయిదింటికి తలుపు తాళము వేసి అందరము ఒడ్డునకు పోయెడివారము. ఏడున్నరకు మరలునప్పుడు వారు బజారుమీదుగా స్టీలు క్యారియరులో ఇడ్డెనలు, పెసరట్లు తెచ్చెడివారు. స్నానములు, ఫలహారములు ముగిసిన పిదప, తొమ్మిదిన్నరకు పొయ్యి వెలిగించి పదకొండుకు ఆర్పివేయుదుము. అన్నము, పప్పు, ఒక కూర, ఒక పచ్చడి, పెరుగు: ఇంతే. దినమున కొక్కమారే వంట. సాయంకాలము పోవుటకు ముందు కుక్కరులో కడిగిన బియ్యమును, నీటిని పోసి యుంచి, చీకటిపడి రాగానే మా పదేండ్ల చిన్నవాడు మీట నొక్కెడివాడు. స్నానములు ముగియులోపల అన్నము సిద్ధము. కందిపొడి, ఆవకాయ, కాచిన నేయి, పెరుగు. మరి రెండు రాత్రులు దోసెలు తెప్పించితిమి.

మధ్యాహ్నపు అన్నమును రాత్రికి ఏల దాచరాదని కొందరు అడుగవచ్చును. వేసవిలో ముప్పదిరెండు డిగ్రీలకు మించిన వేడిమి యున్నచోట, వండిన పదార్థమును శీతలయంత్రము లేకుండ ఒక గంటకు మించి యుంచుట క్షేమము కాదు. అన్నమున పెరుగు సూక్ష్మజీవులు కొన్ని పుట్టించు విషము మరల వేడిచేసినను పోదు. పరాయిఊరిలో పిల్లలకు వాంతులు పట్టుకొనుటకంటె గుప్పెడన్నము మిగులకుండ కొలిచి వండుట తేలిక. అట్లు కడుపు చెడినచో, కాచి చల్లార్చిన లీటరు నీటిలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొంచెము కొంచెముగా త్రాగించుచు వైద్యునికి చూపవలయును.

ఈ యేర్పాటునకు ఇంట అభ్యంతరములు రాకపోలేదు. మామగారికి మధుమేహము, నాలుగు దినములు బజారు ఇడ్డెనలు తినుమనుట ఎట్లు? ఆయన కొరకు వేయించిన రాగిపిండి తీసికొనిపోయితిమి. కెటిలు నీటితో జావ కాచి, మజ్జిగ కలిపి ఇచ్చితిమి. "ఇంటి యాడువా రుండగా బజారు ఫలహారమేల?" అని వారు మొదట నొసలు చిట్లించిరి. మేము వాదింపక కాగితముమీద ఉదయ సాయంకాలముల వేళలను వ్రాసి, ఆ వేళలలో ఎవరెవరు ఎచట నుందురో వ్రాసి చూపితిమి. పొయ్యి యెదుట రెండు పేర్లే కనబడినవి: అత్తగారిది, మాది. మామగారు ఆ కాగితమును కొంతసేపు చూచి, "క్యారియరు నేను తెచ్చెదను" అనిరి. తుదకు తండ్రియు కొడుకును కలిసియే పోయెడివారు.

చేపల సంగతి ప్రత్యేకముగా చెప్పవలసి యున్నది. సముద్రపు టొడ్డునకు పోవుచున్నాము గదా, చేపలు రాసులుగా నుండునని తలచి పోవువారు వేసవిలో ఆశాభంగము చెందుదురు. చేపలు గ్రుడ్లు పెట్టు కాలమగుటచే తూర్పుతీరమున ప్రతియేట ఏప్రిల్ 15 మొదలు జూన్ 14 వరకు, 61 దినములు మరపడవల వేట నిషేధము. ఇంజను లేని తెప్పలకు మాత్రము మినహాయింపు కలదు. అందుచే ఆ దినములలో తాజాచేప కొంచెముగానే దొరకును, వెలయు హెచ్చు. ఒడ్డున గంప దించిన యొక బెస్తస్త్రీని ధర తగ్గింపుమని అడుగగా, "వేట లేని దినాలమ్మా, ఈ గంపే మా యింటికి బియ్యం" అన్నది. ఆ మాట విన్నపిమ్మట మేము బేరము పెంచలేదు. కన్నులు నిగనిగలాడుచు, మొప్పలు ఎఱ్ఱగా నుండి, వ్రేలితో నొక్కిన చోట గుంటపడని చేప తాజాది. ఎండలో మంచు లేకుండ నిలిచిన సూర వంటి చేపలను కొనరాదు. వానియందు పుట్టు విషము వండినను పోక, ఒడలు దద్దురులెక్కి మంట పుట్టించును. మేము ఒక్కదినమే చేప వండితిమి. అత్తగారు శనివారము, ఏకాదశి నీచు ముట్టరు గనుక ఆమె పాత్రలు వేరుగా నుంచితిమి.

ఎండ వేళ పిల్లలకు చిరుతిండి కావలయును. తాటిముంజలు ఆ దినములలో వీధిలోనికే వచ్చును, ఒడలికి చలువ. కోసి యుంచిన పండ్లముక్కలను, రంగునీటి మంచును మేము కొననీయలేదు. ఒడ్డున పెనముమీద కాల్చిన మొక్కజొన్నపొత్తులు మాత్రము పిల్లలు పట్టినన్ని తినిరి.

మూడవ సాయంకాలము తొట్లకొండకు పోయితిమి. అది భీమిలికిని, విశాఖకును నడుమ మంగమారిపేట చెంత, సముద్రమునకు ఎదురుగా నున్న కొండ. 1976లో నౌకాదళమువారి సర్వేలో బయటపడిన తరువాత త్రవ్వగా రెండువేల యేండ్లనాటి బౌద్ధవిహార మచట కనబడినది. వాననీరు నిలుపుటకు రాతిలో తొలిచిన తొట్లచేతనే ఆ కొండకు ఆ పేరు వచ్చినది. భిక్షువులు వసించిన చిన్న గదుల వరుసలు, వంటశాల, భోజనశాల పునాదులు నేటికిని చూడవచ్చును. మా ఆడపడుచు ఆ తొట్ల యొద్ద నిలిచి, "వదినా, వీరును ముందు నీళ్లే చూచుకొనిరి!" అని నవ్వినది. సముద్ర మెంత యెదుట నున్నను, అందు త్రాగుటకు చుక్క లేదు గదా.

సముద్రస్నానమున అజాగ్రత్త కూడదు. అలలు తక్కువగా కనబడు సందులలోనే నీరు లోనికి బలముగా లాగుచుండును. నదీముఖమున మరింత అపాయము. పిల్లలు మోకాలి లోతు దాటరాదు. వంతులువేసికొని ఒక పెద్దవారు ఫోను చేతబట్టకుండ వారినే చూచుచుండవలయును. ఎవరినైన నీరు లాగినచో ఎదురీదక, ఒడ్డునకు సమాంతరముగా కొంత దూర మీది, పిదప ఒడ్డున కీదవలయును.

అత్తగారి సంగతి చెప్పి ముగింతుము. మొదటి ఉదయమున ఆమె ఒడ్డున కూర్చుండియు, "పాలు తెచ్చియుంచిరో లేదో," "ఇడ్డెనలు చాలునో చాలవో" యని వెనుదిరిగి చూచుచునే యుండిరి. నలువది యేండ్ల యలవాటు ఒక్క ఉదయమున పోవునది కాదు. రెండవ దినమున తూరుపు ఎఱ్ఱబడి, నీటి యంచున సూర్యుడు పొడచూపినప్పుడు ఆమె మాట మానిరి. పిల్లలు పిలిచినను పలుకలేదు. ఇసుక మీదనే కాళ్లు చాపుకొని, ఎండ చురుక్కుమను వరకు లేవలేదు. మూడవ దినమున అందరికంటె ముందు చెప్పులు తొడుగుకొనినది ఆమెయే.

మరలివచ్చు దినమున మిగిలిన పప్పు, నూనె బస ఊడ్చు నామె కిచ్చి, మాడుగుల హల్వా కొని రైలెక్కితిమి. ఇంట పొయ్యి మరల యథాప్రకారము వెలుగుచున్నది. ఒక్క మార్పు మాత్రము నిలిచినది: ఆదివారపు ఉదయమున క్యారియరు తీసికొని మామగారు బయలుదేరుచున్నారు. రాబోవు సెలవులలో తీరమునకు పోదలచు సోదరీమణులు టిక్కెట్లకు ముందే కాగితము, కలము తీసికొని, ఏ వేళకు ఎవ రెచట నుందురో వ్రాసికొందురు గాక.